గాజుగుడ్డ కట్టిన మంచాలు

మొన్న ఉదయం తొమ్మిది గంటలకు నాకు జ్వరం లేదు. తొంభై ఎనిమిది పాయింటు నాలుగు. ఆ సంగతి నా మంచానికి తగిలించిన అట్ట మీద నీలం సిరాతో శుభ్రంగా రాసి ఉంది. ఆ తొమ్మిది గంటలప్పుడు నేను మంచం మీద లేను. కింది అంతస్తులో ఎక్స్‌రే గది బయట చక్రాల కుర్చీలో కూర్చుని, నన్ను అక్కడ దింపిన మనిషి తిరిగి వస్తాడా, లేక ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడా అని ఆలోచిస్తున్నాను. మనిషి దగ్గర లేకుండానే అతని జ్వరం చూడగలిగేంతగా వైద్యశాస్త్రం ఎదిగిందని తెలిసి సంతోషించాను.

విజయనగరంలో కొత్తగా వెలిసిన ఆసుపత్రి అది. పేరు చెప్పను. నాకు ఇంకో మోకాలు మిగిలి ఉంది, మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లాల్సి రావచ్చు. గుమ్మంలో రంగు చేపల తొట్టె ఉంది, ఆ తొట్టెను చూసుకోవడానికి ఒక మనిషి ఉన్నాడు. పైన మా వరసలో పద్నాలుగు మంచాలకు ఒక్క నర్సమ్మాయి ఉంది. ఇరవై రెండేళ్లుంటాయేమో, పాతపట్నం వైపు పిల్ల. ఆ అమ్మాయి నడవగా నేను చూడలేదు, ఎప్పుడూ పరుగే. "నేను లేకుండా నా జ్వరం ఎలా చూశావమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల మొహంలో రక్తం లేదు. "కంప్లైంటు పెట్టీకండి తాతగారూ. పది గంటలకి మేనేజరుగారు చార్టులు చూస్తారు. ఒక్క గడి ఖాళీ ఉన్నా నా మీదకే వస్తాది," అంది. నిజంగా ఎంతమందికి చూశావని అడిగితే, అయిదుగురికని చెప్పి, "మిగతావోళ్లు బాగానే కనబడ్డారు," అంది. నవ్వుకోవాల్సిన మాటే. నవ్వు రాలేదు. ఆ అంకె నాకు కొత్త కాదు. తొంభై ఎనిమిది పాయింటు నాలుగు అని ఈ ఉత్తరాంధ్రలో నేను రాసినన్నిసార్లు, నా అంత గుండ్రటి అక్షరాలతో, నా అంత అబద్ధంగా రాసినవాడు మరొకడు ఉండడు.

నేను బి.ఏ. రెండో ఏడు చదువుతుండగా తొడ ఎముక విరగ్గొట్టుకున్నాను. హ్యాండిలు వదిలేసి సైకిలు తొక్కగలనని ఒక అమ్మాయికి తెలియజేయాలనుకున్నాను. తొక్కినంతసేపూ ఆ అమ్మాయి ఇటు చూడలేదు, పడ్డాక చూసింది. ఆ రోజుల్లో తొడ ఎముకకు చేసే వైద్యంలో పెద్ద రహస్యమేమీ లేదు. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, కాలికి పట్టీలు అంటించి, వాటికి తాడు కట్టి, మంచం చివరనున్న కప్పీ మీదుగా ఆ తాడుకు ఇటుకలు వేలాడదీసేవారు. ఎముక అతికేదాకా, అంటే రెండు నెలలకు పైగా, నేను నాలుగు ఇటుకలకు కట్టుబడి ఉన్నాను. తర్వాతి జీవితంలో దేనికీ అంతకాలం కట్టుబడి లేను.

ఆసుపత్రి ఏ ఊళ్లోదో చెప్పను. శ్రీకాకుళానికీ విజయనగరానికీ మధ్య ఎక్కడో ఉందనుకోండి. మగవాళ్ల సర్జికల్ వార్డు పొడుగాటి పెంకుల హాలు. నలభై ఇనప మంచాలు, మంచాల మధ్య చాపలు, చాపల మీద మంచం దొరకనివాళ్లు. పొద్దున్నే ఫినాయిలు వాసన, అది ఆరగానే దాని కింద దాక్కున్న చీము వాసన, ఆ పైన వరండాలో రోగుల తాలూకువాళ్లు మూడు రాళ్ల పొయ్యిల మీద కాచుకునే చోడి అంబలి వాసన, మధ్యాహ్నానికి ఎండుచేపలు కాల్చే వాసన. గుమ్మం పక్కన గోడకు ఒక నల్లబల్ల ఉండేది. 'మంజూరైన నర్సులు 6' అని తెల్ల పెయింటుతో రాశారు. 'ఉన్నవారు' అన్న మాట కూడా పెయింటే, దాని పక్కన 2 మాత్రం సుద్దముక్కతో రాశారు. చెరిపి ఇంకా తగ్గించుకోవడానికి వీలుగా ఉంచారన్నమాట. ప్రభుత్వానికి ముందుచూపు లేదనేవాళ్లు ఆ బల్లను చూసి ఉండరు. ఆ ఇద్దరిలో పగలు ఒకరు, రాత్రి ఒకరు. పక్కనున్న ఆడవాళ్ల వార్డు కూడా వాళ్లదే.

కనక మా వార్డులో నర్సు పని చేసేది రోగుల చుట్టాలు. నాకు మా అత్త చిట్టెమ్మ, నాన్న చెల్లెలు. గరివిడి దగ్గర మా పల్లె నుంచి ఇత్తడి చెంబు, చాప, వేపపుల్లల కట్టతో దిగింది. నా ఒళ్లు తుడవడం, పక్క ఎత్తడం, వీపు పుండు పడకుండా కొబ్బరినూనె రాయడం అన్నీ ఆవిడే. ఇవేవీ ఆవిడ ఎక్కడా చదువుకోలేదు, దూడలను సాకిన అనుభవం ఉంది. పొద్దున్న లేవగానే మొదట నా మొహం కాదు, నా ఇటుకలు చూసేది. "నాలుగూ ఉన్నాయేటి?" అని తట్టి లెక్క పెట్టేది. నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఒకరోజు నిజంగానే ఒకటి పోయింది. వరండాలో ఎవరి పొయ్యికో రాయి తక్కువైంది. అత్త పొద్దున్నే కనిపెట్టి చెప్పినా, ఎవరైనా వచ్చి మళ్లీ కట్టడానికి నాలుగు రోజులు పట్టింది. ఇప్పటికీ నా ఎడమకాలు అర అంగుళం పొట్టి. ఎవరి అంబలో కాస్త తొందరగా కాగింది, అంతే.

పగటి నర్సు పేరు మార్తమ్మ. నలభై ఏళ్లుంటాయి, పాతపట్నం అవతల ఏదో ఊరు. పొట్టి మనిషి, తెల్లచీర, మోచేతుల దాకా స్పిరిటు వాసన. ఆవిడ వార్డులోకి అడుగుపెట్టేటప్పుడే తిట్టుకుంటూ వచ్చేది. తెలుగు తిట్లు సగం వార్డుకే అయిపోయేవి, మిగతా సగానికి ఒడియా వాడేది. నొప్పి అని పిలిచినవాణ్ణి, "ఏటి పిలుపు? సచ్చిపోతన్నావా? నేదా? అయితే ఉండు," అనేది. చచ్చిపోతున్నవాడు సాధారణంగా పిలవడు కనక ఆ పద్ధతిలో ఒక లోపం ఉంది గాని, ఆవిడకు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. మా అత్తకు ఆవిడంటే ఒళ్లుమంట. "మడిసి ఒక్కర్తే, నోర్లు పది," అనేది. ఆవిడ ఎవరికీ ఇష్టం లేదు, ఎవరినీ ఇష్టపడిన దాఖలా కూడా లేదు. ఆ వార్డులో అందరం ఒకరినొకరం ద్వేషించుకుంటూ బతికేవాళ్లం. నలభై మందికి ఒక మనిషిని పంచినప్పుడు ఒక్కొక్కరి వాటాకు వచ్చేది అంతే. ఆ రోజుల్లో ఈ భాగాహారం నాకు తెలియదు. ఆవిడ గుణమే అంత అనుకునేవాణ్ణి.

సూపరింటెండెంటుగారు రోజూ పదకొండుకు వచ్చేవారు. ఇస్త్రీ కోటు, మెరిసే బూట్లు, వెనక కాగితాలు మోసే మనిషి. ఆయన రోగులను చూసేవారు కాదు, చార్టులు చూసేవారు. ప్రతి మంచానికీ రోజుకు నాలుగుసార్లు జ్వరం, నాడి రాయాలని నియమం. వార్డుకు థర్మామీటర్లు రెండు, వాటిలో ఒకటి పగిలింది. గడి ఖాళీగా ఉంటే, "సిస్టర్, ఈ నిర్లక్ష్యానికి సంజాయిషీ రాసి ఇవ్వండి," అనేవారు, పుస్తకంలో చదువుతున్నట్టు. ఆ సంజాయిషీ రాయడానికి ఇంకో గంట. ఆ గంటలో ఇంకెవరి కట్టో మార్చకుండా మిగిలిపోయేది. ఒకరోజు ఆయన వెళ్లగానే మార్తమ్మ చార్టుల కట్ట తెచ్చి నా పొట్ట మీద పడేసింది.

"ఏటోయ్ బియ్యే. కాలు పనికిరాదు గాని సెయ్యి పనిసేస్తాది కదా? రాయి."

"ఏం రాయమంటారు?"

"నాను సూసినోళ్లది నాను సెప్తాను. మిగతావోళ్లకి తొంబయ్యెనిమిది నాలుగు ఏసీయి. ఆ మారాజుకి గడి నిండితే సాలు. నాకు పుండ్లు కడగాల."

"మిగతావాళ్లలో ఎవరికైనా జ్వరం ఉంటే?"

"ఎవుళ్లని సూడాలో నాకు తెలుసు. దానికి నా గుర్తు నాకున్నాది. నువ్వు రాయి."

ఆ గుర్తు ఏమిటో ఆ వారంలోనే తెలిసింది. బేరం కుదిరాక కాబోలు, ఆవిడే ఒకసారి చెప్పింది. గాజుగుడ్డ ముక్కను ఎర్రమందులో ముంచి, ఆరబెట్టి, ఏ రోగిని వదలకుండా కనిపెట్టాలో అతని మంచం కోడుకు ముడి వేసేది. నలభైలో ఆరో ఏడో మంచాలకు ఉండేవి. వాటిని మాత్రం పూటకు రెండుసార్లు తానే చూసేది. చెయ్యి వేసి, పుండు వాసన చూసి, వేళ్లు నొక్కి. రాత్రి నర్సుకు కూడా వేరే ఏమీ చెప్పనక్కరలేదు, గుడ్డలు చూసుకుంటే చాలు. నలుగురు నర్సుల పని అలా ఆరు గుడ్డపీలికలు చేసేవి. వాటికి జీతం ఇవ్వనక్కరలేదు.

నేను కూడా నా పని శ్రద్ధగా చేశాను. అందరికీ ఒకే అంకె వేస్తే సూపరింటెండెంటుగారికి అనుమానం రావచ్చని అక్కడక్కడ తొంభై ఎనిమిదిన్నర, ఒక్కోచోట తొంభై తొమ్మిది వేసేవాణ్ణి. గడులు నిండుతుంటే గీతలు చక్కటి చిన్న కెరటాల్లా సాగేవి. ఆయన ఒకరోజు నా చార్టులు పట్టుకుని, "చూశారా సిస్టర్, మనసు పెడితే అన్నీ కుదురుతాయి," అన్నారు. మార్తమ్మ నేల చూసింది. నేను కప్పు చూశాను. చిన్నప్పటి నుంచి నా రచనకు దొరికిన మొదటి మెప్పు అదే.

ఆ తర్వాత నా పక్క మంచానికి పోలయ్య వచ్చాడు. సముద్రం మీద వేటకు వెళ్లే మనిషి, ముప్ఫై అయిదేళ్లుంటాయి. వలలో పడిన చేప తోక ముల్లు పాదంలో దిగింది. ఊళ్లో ఆకుపసరు కట్టి, అది వాచి, బండి మీద వేసుకుని వచ్చారు. డాక్టరు పాదం కోసి చీము తీశాడు. ఇంజక్షన్లు మొదలయ్యాయి, రెండు రోజుల్లో జ్వరం దిగింది. దిగినా మార్తమ్మ అతని వేళ్ల రంగు నచ్చక మంచానికి ఎర్రగుడ్డ కట్టింది. పోలయ్య పెళ్లాం నూకాలమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగే మనిషి. ఎత్తుగా, నల్లగా, గొంతు సముద్రం అవతలికి వినిపించేలా ఉండేది. వచ్చిన రోజే వార్డంతా చూసింది. గుడ్డ కట్టిన మంచాల్లో రెండు ఆ వారం ఖాళీ అయ్యాయి. బాగా జబ్బుపడినవాళ్లకే గుడ్డ కడతారు కనక వాళ్లలోనే ఎక్కువమంది పోవడం వింత కాదు. వెనక నుంచి చదివితే మాత్రం వేరే అర్థం వస్తుంది.

రెండో మంచం ఖాళీ అయిన మధ్యాహ్నం నూకాలమ్మ నా మంచం దగ్గరికి వచ్చింది. "సదువుకున్న బావువి, నువ్వు సెప్పు. ఆ గుడ్డేటి? మా ఊర్ల అమ్మోరి పండక్కి ఏటపోతు మెడకి ఇలగే ఎర్రగుడ్డ కడతారు. కట్టినాక దాన్ని ఇంకెవులూ ముట్టుకోరు."

నిజం చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఆ మంచాన్ని సిస్టరు బాగా చూసుకుంటుందమ్మా అంటే సరిపోయేది. కాని చుట్టూ అయిదారుగురు వింటున్నారు, నాకు నెలరోజులుగా వినేవాళ్లు లేరు. "పాతపట్నం బస్సు ఎప్పుడైనా ఎక్కావా? జనం కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకోరూ? ఇదీ అంతే. యముడు తువ్వాలు వేసి వెళ్లాడు. సావకాశంగా వచ్చి కూర్చుంటాడు," అన్నాను.

వార్డు పగలబడి నవ్వింది. కుట్లు ఉన్నవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. పోలయ్య కూడా నవ్వాడు. మా అత్త, "ఛీ, అదేం మాట?" అని నా నెత్తిన మొట్టి, తనూ నవ్వింది. నూకాలమ్మ నవ్వకపోవడం నాకు అప్పుడే కనిపించింది. నవ్వనివాళ్లు జోకు అర్థం కానివాళ్లని నా అభిప్రాయం.

మర్నాడు మార్తమ్మను కుటుంబ నియంత్రణ శిబిరానికి పంపారు. మూడు రోజులు. ఆ శిబిరాల్లో లెక్క తగ్గితే పైనుంచి సూపరింటెండెంటుగారికి సంజాయిషీ అడుగుతారు, వార్డులో మనిషి తగ్గితే అడగరు. ఆవిడ బదులు ఔట్‌పేషెంటు నుంచి ఒక నర్సు పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట వచ్చి, సూదులు వేసి, గుడ్డ కట్టిన మంచాలు చూసి పోవాలని ఏర్పాటు. మార్తమ్మ వెళ్లే ముందు ఆ నర్సును వెంటబెట్టుకుని వార్డంతా తిప్పింది. "గుడ్డలు సూడు. గుడ్డున్నకాడ కట్టిప్పి సూడు. గుడ్డ నేనికాడ సూదేసీసి ఎలిపో," అనడం నేను విన్నాను.

ఆవిడ వెళ్లిన గంటకు నూకాలమ్మ మొగుడి మంచం పక్కన కూర్చుని, కోడుకు వేసిన ముడిని పళ్లతో పట్టి విప్పింది. వలల ముడులు విప్పే చెయ్యి, ఎంతోసేపు పట్టలేదు. గుడ్డను బొడ్లో దోపుకుని నా వైపు చూసి, ఎవరికీ చెప్పొద్దన్నట్టు పెదవి మీద వేలు పెట్టింది. నేను కూడా వేలు పెట్టాను. నా జోకు ఇంత బాగా పనిచేసిందే అని లోపల కాస్త గర్వపడ్డాను కూడా.

సాయంత్రం నర్సు వచ్చింది. గుడ్డలున్న మంచాల దగ్గర ఆగింది, పోలయ్య దగ్గర సూది వేసి వెళ్లిపోయింది. రాత్రి నర్సు కూడా, గుడ్డ లేదంటే నయమైందనుకుని, గుడ్డలున్న మంచాలే చూసుకుంది. రెండో రోజూ అంతే. రెండో రోజు మధ్యాహ్నం పోలయ్య దుప్పటి కప్పుకున్నాడు. ఎండాకాలం, పెంకుల కింద నిప్పుల కొలిమిలా ఉంది, మేమందరం బనీన్లు కూడా తీసి పారేశాం. దుప్పటి కప్పుకున్న ఆ మనిషికి నేను తొంభై ఎనిమిది పాయింటు నాలుగు వేశాను. సాయంత్రానికి తొంభై ఎనిమిదిన్నర, ఎందుకంటే వరసగా ఒకే అంకె పడితే అందం ఉండదు. నూకాలమ్మ వచ్చి అడిగింది.

"బావూ, ఒళ్లు ఎచ్చగున్నాది. నిద్దరలో ఏటేటో అంటన్నాడు. నీ కాగితంల ఏటున్నాది?"

నేను చార్టు చూశాను. నేను రాసినదాన్నే, నాకు తెలియనట్టు, శ్రద్ధగా చూశాను. "నార్మలుగానే ఉంది," అన్నాను.

"కాగితంల బాగున్నాదా? మరయితే పర్నేదు," అని వెళ్లి మొగుడి కాళ్ల దగ్గర కూర్చుని విసరడం మొదలుపెట్టింది.

ఎందుకు నోరు విప్పలేదని ఈ యాభై ఏళ్లలో నన్ను నేను చాలాసార్లు అడిగాను. నాకు తోచిన జవాబులన్నీ చిన్నవే. నర్సును పిలిస్తే తిడుతుంది. నిజం చెబితే గుడ్డ సంగతి బయటికి వస్తుంది, నా జోకు, నా చార్టులు వస్తాయి. వాడు పడుకున్నాడేమోలే. పొద్దున్నకు సర్దుకుంటుందేమోలే. మూడో రోజు డాక్టరు రౌండ్సుకు వచ్చాడు. నలభై మంచాలూ చాపలూ కలిపి చూడడానికి ఆయనకు ఒక గంట. పోలయ్య చార్టు ఎత్తి, నా కెరటాలను ఒక్క చూపు చూసి, "గుడ్," అని ముందుకు వెళ్లిపోయాడు.

నాలుగో రోజు పొద్దున్న మార్తమ్మ వచ్చింది. గుమ్మంలోనే ఆగింది. అక్కడి నుంచి మా మంచాలు ఇరవై అడుగుల దూరం. అంత దూరం నుంచి వాసన పట్టింది. తిట్టలేదు. తిట్టకుండా ఆవిడ వార్డులోకి రావడం అదే మొదటిసారి. నేరుగా పోలయ్య దగ్గరికి వచ్చి, దుప్పటి లాగి, కట్టు కత్తిరించింది. పాదం లేదు. పాదం ఉండవలసిన చోట నల్లగా, మెరుస్తూ, తడిపిన బొగ్గులా ఏదో ఉంది. నలుపు చీలమండ దాటి పైకి పాకింది. మార్తమ్మ వంగి మంచం కోడు చూసింది. అక్కడ తుప్పు మీద ఎర్రటి మరక మాత్రం ఉంది.

మధ్యాహ్నానికి కాలు మోకాలి కింద తీసేశారు. సాయంత్రం పోలయ్య ఊరి నుంచి మనుషులు వచ్చారు, ఇరవై మంది దాకా. తెప్ప మీద నిలబడడానికి రెండు కాళ్లు కావాలి. ఆ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. సూపరింటెండెంటుగారు వరండాలోకి వచ్చి, వాళ్లు చెప్పిందంతా ఓపికగా విని, "సిస్టర్లు సరిగా చూడకపోతే మేమేం చేస్తాం?" అన్నారు. ఇరవై మంది కోపాన్ని ఆ ఒక్క వాక్యంతో తన మీద నుంచి తీసి మార్తమ్మ మీద పెట్టారు. అంత నేర్పు కత్తి పట్టుకున్న ఆ డాక్టరుకు కూడా లేదు. "నీ సెయ్యి ఇరిగిపోను, నువ్వు మడిసివేనా?" అని ఒకడు మీదకు వచ్చాడు. నూకాలమ్మ ఆవిడ మొహాన ఉమ్మింది. మా వార్డు మొత్తం చూస్తోంది. ఆవిడ నోటికి వారాల తరబడి పడ్డవాళ్లమే అందరం. ఒక్కరు కూడా అడ్డం వెళ్లలేదు. కొందరి మొహాల్లో తృప్తి చూశాను. నా మొహం నాకు కనిపించలేదు.

మర్నాడు విచారణ. విచారణ అంటే సూపరింటెండెంటుగారు మా వార్డులోనే, పోలయ్య మంచం దగ్గర నిలబడి, చార్టు ఎత్తి చూపించారు. "మూడు రోజులు మీరు శిబిరంలో ఉన్నారు. ఈ అంకెలు ఎవరు వేశారు?" ఆయనకు రెండు గజాల దూరంలో నేను. నా తల పక్కన స్టూలు మీద నా చరిత్ర నోట్సు, అదే సిరా, అదే గుండ్రటి చేతిరాత. ఆయన ఒకసారి తల తిప్పితే చాలు.

మార్తమ్మ, "నానే. ఎల్లేముందే రాసీసినాను. మూడు రోజులకీ," అంది.

ఆయన చార్టు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. తల తిప్పలేదు. తిప్పవలసిన అవసరం ఆయనకూ లేదనుకుంటాను.

తర్వాత ఆవిడ నా ఇటుకలు సరిచూసే వంకతో దగ్గరికి వచ్చింది. నేనేదో అనబోయాను. "నోరు మూయి. నీకోసం కాదు. రోగి సేత రాయించినానంటే ఉజ్జోగం పోతాది. నానే తప్పు రాసినానంటే కొండల్లోకి బదిలీ. కొండలే నయం," అంది. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "గుడ్డ ఎవులు ఇప్పినారు?"

"గాలికి ఊడిందేమో," అన్నాను.

"నానేసిన ముడి గాలికి ఊడదు." ఆవిడ నా మొహం చూసింది. తర్వాత తల తిప్పి, మొగుడి నెత్తిన తడిగుడ్డ వేస్తున్న నూకాలమ్మను చూసింది. ఆమె బొడ్లో దోపిన ఎర్రటి పీలిక చివర చీర మడతలోంచి కనిపిస్తోంది. మార్తమ్మ మళ్లీ నా వైపు తిరిగింది. "యముడి తువ్వాలా?" అంది. ఎవరో చెప్పినట్టున్నారు. "దానికి సెప్పీకు. మొగుడి కాలు తనే తీసీసినానని తెలిస్తే అది బతకదు. నీకు తెలిసినా నువ్వు బతికీగలవు. సదువుకున్నోడివి."

ఆ నెలాఖరుకు ఆవిడ కొండ ప్రాంతం ఆసుపత్రికి వెళ్లిపోయింది. తర్వాత ఏమైందో నాకు తెలియదు, తెలుసుకోవడానికి ప్రయత్నించలేదు. నల్లబల్ల మీద సుద్దముక్క 2 చెరిపి 1 రాశారు. సూపరింటెండెంటుగారు మళ్లీ ఇలాంటిది జరగకుండా చర్యలు తీసుకున్నారు. మంచాలకు గుడ్డలు కట్టడం నిషేధం. చార్టులో రోజుకు నాలుగు గడుల బదులు ఆరు.

మొన్న ఈ కొత్త ఆసుపత్రి నుంచి వచ్చేసేటప్పుడు మేనేజరు నాకు ఒక కాగితం ఇచ్చాడు. నర్సింగు సేవలకు నక్షత్రాలు వేయాలట, అయిదింటికి. నర్సులు ఎంతమంది ఉన్నారో రాయడానికి అందులో గడి లేదు. "సరిపడా ఉన్నారండీ," అన్నాడు. ఎవరికి సరిపడా అని అడిగితే నవ్వాడు. నా ముసలితనాన్ని క్షమించే నవ్వు. ఆ అమ్మాయికి అయిదు నక్షత్రాలూ వేశాను. నా జ్వరం గురించి ఫిర్యాదు చేయలేదు. అంతకు ముందురోజు మాత్రం ఒక మంచి పని చేయబోయాను. ఎదుటి వరసలో ఒకాయన పొద్దుట్నుంచి దుప్పటి కప్పుకుని ఉన్నాడు. బెల్లు నొక్కి, అరిచి, ఆ అమ్మాయిని పరిగెత్తించాను. ఆయనకు జ్వరం లేదు. ఏసీ గాలి తిన్నగా ఆయన మీద పడుతోంది, అంతే. అవతల ఎవరి సెలైనో వదిలేసి వచ్చిన ఆ పిల్ల నన్ను ఒక చూపు చూసి మళ్లీ పరుగెత్తింది. ఆ చూపు నాకు బాగా తెలిసినదే, మార్తమ్మది. ఇప్పుడైనా దానికి కారణం నేను కాదని చెప్పుకోలేకపోయాను.

పోలయ్యను ఇంటికి పంపిన రోజు ఒకటి మిగిలింది. నేనింకా ఇటుకలకు వేలాడుతూనే ఉన్నాను. బావమరదులు ఇద్దరు అతన్ని ఎత్తుకుని బండి దగ్గరికి తీసుకుపోయారు. నూకాలమ్మ వెనక్కి వచ్చి, నా తలగడ పక్కన ఆకులో చుట్టిన పొట్లం పెట్టింది. ఎండు నెత్తళ్లు, వేలెడంత చేపలు. ఊరి నుంచి నాకోసమే తెప్పించిందట. నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. ఆ చేతులు ఉప్పుకు గరుగ్గా ఉన్నాయి.

"నువ్వు ఆ తువ్వాలు సంగతి సెప్పబట్టి బతికినాడు బావూ. నాను దాన్ని తీసీసినాను. యముడు వచ్చినాడు, సీటు దొరకనేదు. కాలు పట్టుకొని ఎలిపోనాడు. కాలుదేటి, మడిసి మిగిలినాడు. నీ మేలు మరిసిపోను."

మార్తమ్మ మాట నాకు గుర్తుంది. నేనేమీ చెప్పలేదు. మరి చెప్పకపోవడం ఆవిడ మాట కోసమా, నా కోసమా అన్నది నేను తేల్చలేదు. "మంచిదమ్మా," అన్నాను. ఆ పూట మా అత్త ఆ నెత్తళ్లను వరండాలో వేయించి, చోడి అంబలిలోకి నంజుకోమని పెట్టింది. అన్నీ తిన్నాను. చాలా రుచిగా ఉన్నాయి. ఆ మాట ఇక్కడ రాయకపోతే ఇది కూడా నేను నింపిన చార్టుల్లో ఇంకొకటి అవుతుంది.